పాత కారు అమ్ముతారా అని ముక్కూమొహం తెలియనోళ్లు అడిగితే ఏం చేయాలి

ట్రంక్ రోడ్డులో బండి ఆపి టీ తాగి వచ్చేసరికి వైపర్ కింద ఒక చీటీ, దాని మీద ఫోన్ నంబరు, "అమ్మే ఉద్దేశం ఉంటే కాల్ చేయండి" అని. లేదంటే పెట్రోలు బంకులో పక్క కారు దిగినాయన నేరుగా వచ్చి "అన్నా, ఏ మోడలునా ఇది, ఇస్తారానా" అంటాడు. టంగుటూరు టోల్ గేట్ దగ్గర లైన్లో ఉన్నా వదలరు. నెల్లూరు, ఒంగోలు వైపు అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో, స్టాండర్డ్ హెరాల్డో, పాత విల్లీస్ జీపో ఉన్న ఇళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. పొగాకు వ్యాపారం చేసిన ఇళ్లలో, అభ్రకం గనుల కాలంలో బాగా బతికిన ఇళ్లలో, రైసు మిల్లుల షెడ్లలో ఇంకా పట్టా కప్పి పెట్టిన బండ్లు చాలానే ఉన్నాయి, ఆ సంగతి మనకంటే చెన్నై, బెంగళూరు బ్రోకర్లకు బాగా తెలుసు.

వాళ్లు ఎందుకు వెతుక్కుంటూ వస్తున్నారంటే, ఆ బండ్లు ఇక కొత్తవి రావు. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఉత్తరపార ఫ్యాక్టరీలో ఆగిపోయింది. పద్మిని అంతకు పదేళ్లకు పైగా ముందే ఆగింది. చెన్నైలో తయారైన హెరాల్డ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉన్నవాటిలో చాలా తుక్కు కింద పోయాయి, మిగిలినవి మన షెడ్లలో ఉన్నాయి. కాబట్టి అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. అడిగినంత మాత్రాన అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సిన బాధ్యత మనకు లేదు, ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ గట్టిగా తెలిస్తే సగం నష్టాలు జరగవు.

ముందు గేటు దగ్గర ఏం చేయాలో చెప్తాను, ఎందుకంటే నాకు తెలిసినంతలో మోసాలైనా, చవకబేరాలైనా మొదటి పది నిమిషాల్లోనే ఖాయమవుతాయి.

రేటు మీ నోటి నుంచి రానివ్వొద్దు. "మీరే ఒక మాట చెప్పండి సార్, ఊరికే తెలుసుకుందామని" అని అడుగుతారు. మీరు అతన్ని వదిలించుకుందామని ఏదో ఒక అంకె అంటారు, మర్నాడు ఆ అంకె పట్టుకుని మీకు తెలిసిన ఊరి పెద్దమనిషిని వెంటేసుకుని వచ్చి "నిన్న మాట ఇచ్చారు కదా" అంటారు. మన వైపు మాటకున్న విలువ వాళ్లకు బాగా తెలుసు, దాన్నే వాడుకుంటారు. తమాషాకు కూడా అంకె చెప్పొద్దు.

బయానా ముట్టుకోవద్దు. ఇది అన్నిటికంటే ముఖ్యం. బల్ల మీద ఐదువేలు పెట్టి "ఉంచండి సార్, నచ్చకపోతే తిరిగిస్తురు గానీ" అంటారు, కొందరైతే బలవంతంగా జేబులో పెడతారు. ఆ డబ్బు తీసుకున్నాక బేరం కుదిరిపోయిందని వాళ్లు ఊరంతా చెప్తారు, మీరు వెనక్కి తగ్గితే రెట్టింపు ఇవ్వమని గొడవ పెట్టుకుంటారు. పెట్టిపోతే ఆ పూటే ఫోన్ చేసి, ఎవరైనా చూస్తుండగా తిరిగిచ్చేయండి, వాట్సాప్‌లో "మీరు పెట్టిపోయిన డబ్బు ఈ రోజు తిరిగిచ్చాను, అమ్మే మాట ఏదీ అనుకోలేదు" అని ఒక మెసేజ్ పెట్టండి.

ఆర్సీ ఫొటో ఇవ్వొద్దు. కారు ఫొటోలు తీసుకుంటామంటే నంబరు ప్లేటు కనపడకుండా తీసుకోమనండి. ఆ ఫొటోలతోనే ఆన్‌లైన్‌లో మీ కారు అమ్మకానికి ఉందని పెట్టి ఎవరెవరి దగ్గరో టోకెన్ అడ్వాన్సులు వసూలు చేసేవాళ్లున్నారు. డబ్బు కట్టినోడు చివరికి మీ గేటు దగ్గరికే వస్తాడు. ఆర్సీ ఫొటో కూడా దొరికితే నమ్మించడం వాళ్లకు ఇంకా తేలిక.

ఇక పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి, ఇంటి దగ్గర అమ్మానాన్నలు మాత్రమే ఉన్న ఇళ్లు. మధ్యాహ్నం మూడింటికి, ఇంట్లో పెద్దాయన ఒక్కరే ఉన్నప్పుడు వస్తారు. "మీ అబ్బాయితో మాట్లాడానండీ, సరే అన్నారు" అని చెప్తారు. ఆ మాట అబద్ధమని ఆ పెద్దాయనకు ఎలా తెలుస్తుంది? అందుకే ముందే చెప్పి పెట్టండి, "నాన్నా, నేను స్వయంగా నీకు ఫోన్ చేసి చెప్తే తప్ప ఎవరు వచ్చి కారు సంగతి ఎత్తినా నా నంబరు ఇచ్చి పంపించెయ్" అని. ఆర్సీ బుక్కు, రెండో తాళం చెవి కారులో గాని హాల్లో గాని ఉంచకుండా బీరువాలో పెట్టించండి. ఇంటి దగ్గరుండే డ్రైవరుకు, పాలేరుకు, తోటమాలికి కూడా చెప్పాలి, కమీషన్ ఆశ చూపించేది ముందు వాళ్లకే.

మరి వచ్చినవాడు ఎలాంటివాడో తెలుసుకోవడం ఎట్టా? మాట్లాడనివ్వండి, మీరు తక్కువ మాట్లాడండి. నిజంగా ఈ బండ్ల మీద ప్రేమ ఉన్న మనిషి ముందు కారు గురించే అడుగుతాడు. ఇంజన్ అదేనా మార్చారా, ఫ్లోర్ ఎలా ఉంది, మార్క్ టూ కదా గ్రిల్ మార్చినట్టున్నారు, ఇలాంటివి. కిందికి వంగి చూస్తాడు. రేటు దగ్గరికి వచ్చేసరికి గంట పడుతుంది. బ్రోకర్ అలా కాదు, మొదటి ప్రశ్నే "లాస్ట్ ఎంతకిస్తారు", రెండోది "పేపర్లన్నీ కరెంటేనా". బ్రోకర్ అయినంత మాత్రాన చెడ్డవాడు కాదు, వెనక పార్టీ ఎవరో చెప్తే ఇబ్బందే లేదు, కమీషన్ తీసుకోవడం అతని బతుకుతెరువు. పార్టీ ఎవరో చెప్పకపోతే మాత్రం ముందుకు పోవద్దు.

మూడో రకం పార్టుల కోసం వచ్చేవాళ్లు. పాత బంపర్లు, గ్రిల్లు, వీల్ కప్పులు, స్టీరింగ్ గేరు సెట్టు, డోరు హ్యాండిళ్లు, ఇవి ఇప్పుడు దొరకడం కష్టం. బాగున్న కారునే కొని విప్పి అమ్ముకునేవాళ్లున్నారు. మీకు ఆ బండి తిరుగుతూ ఉండాలని ఉంటే అడగడానికి మొహమాట పడొద్దు, "దీన్ని ఏం చేస్తారు మీరు" అని సూటిగా అడగండి. కొందరు కారులో కొంత మాత్రమే అడుగుతారు, "ఆ ముందు గ్రిల్ ఒక్కటి ఇవ్వండి, రెండువేలిస్తా" అని. ఇచ్చారంటే మీ కారు విలువ ఎన్ని రెట్లు పడిపోతుందో వాళ్లకు తెలుసు, మీకు తెలియదు.

నాలుగో రకం అసలు ప్రమాదం. వీళ్లకు కారు అక్కర్లేదు, కాగితాలు కావాలి. తుక్కు రేటు కంటే కొంచెం ఎక్కువిచ్చి, నడవని బండిని ఆర్సీతో సహా పట్టుకుపోతారు. ఆ ఛాసిస్ నంబరు, ఆ ఆర్సీ ఏ దొంగబండికో అతికిస్తే రికార్డులో ఓనరు మీరే. నడవని బండికి ఇంజన్ కూడా చూడకుండా కాగితాల గురించే పదే పదే అడిగేవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు. నిజంగా తుక్కుకే ఇవ్వాల్సిన పరిస్థితి వస్తే ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, బండి అప్పగించినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆర్టీఏలో ఆర్సీ రద్దు చేయించండి. పాత ఇనుము కొట్టుకు ఆర్సీతో ఇచ్చేయడం ఎప్పుడూ చేయొద్దు.

బండి నంబరు కోసం వచ్చేవాళ్లు, పెళ్లిళ్లకు, షూటింగులకు అద్దెకిస్తారా అని మొదలుపెట్టి చివరికి కొనే మాట ఎత్తేవాళ్లు, వీళ్లు కూడా ఉంటారు, వీళ్లతో పెద్ద ఇబ్బంది ఉండదు. ఇక కారు చూడకుండానే ఫోన్లో రేటుకు ఒప్పుకుని, "నేను ఆర్మీలో ఉన్నా, ట్రాన్స్‌ఫర్ మీద ఉన్నా, మా వాళ్లు వచ్చి తీసుకుపోతారు" అనేవాడు మోసగాడు, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. యాభై ఏళ్ల కారును చూడకుండా ఎవరూ కొనరు.

అమ్మినా అమ్మకపోయినా మీ కారు ఏంటో మీకు ముందు తెలిసి ఉండాలి. ఇది చాలామంది చేయరు, నాకు బాధ కలిగించే విషయం ఇదే. బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఎక్కడున్నాయో చూసి, పెన్సిలుతో కాగితం మీద రుద్ది, ఆర్సీలో ఉన్నదానితో సరిపోల్చండి. ఎప్పుడో డీజిల్ ఇంజన్ వేయించిన అంబాసిడర్లు మన వైపు చాలా ఉన్నాయి, అది ఆర్సీలో ఎక్కించారా లేదా చూడండి. ఎక్కించకపోతే కొనేవాడు అదే పట్టుకుని రేటు తెగ్గోస్తాడు. సముద్రం దగ్గర ఊళ్లు, కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు బండ్లకు ఉప్పు గాలి వల్ల తుప్పు కిందినుంచి పడుతుంది, పైన రంగు మెరుస్తున్నా ఫ్లోర్, డోరు అంచులు, స్టెప్నీ కింది భాగం చూపించుకోండి. తెలిసిన టింకరింగ్ మేస్త్రీని పిలిచి లిఫ్ట్ మీద ఎక్కించి చూడమంటే అరగంట పని.

ఉమ్మడి ప్రకాశం జిల్లా వాళ్లకు ఇంకొక తలనొప్పి ఉంది. ఆ జిల్లా 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఏర్పడింది. అంతకు ముందు రిజిస్టర్ అయిన బండి అయితే ఒంగోలు వైపు వాళ్ల పాత రికార్డు గుంటూరులో, కందుకూరు, కనిగిరి వైపు వాళ్లది నెల్లూరులో, మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లది కర్నూలులో ఉండే అవకాశం ఉంది. పాత పుస్తకం ఆర్సీ వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కకపోతే ట్రాన్స్‌ఫర్ అప్పుడు ఆగిపోతుంది. అమ్మే ఆలోచన లేకపోయినా ఇప్పుడే బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో మీ నంబరు కొట్టి చూడండి. వివరాలు రాకపోతే ఒరిజినల్ బుక్కు పట్టుకుని ఆర్టీఏ ఆఫీసులో ఎక్కించమని అడగండి, అది కొనేవాడు తొందర పెడుతున్నప్పుడు చేసే పని కాదు.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకునే వీలు 2021 జులైలో వచ్చింది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కాకపోతే ఆ తర్వాత రోజూ తిప్పడానికి, బాడుగకు వాడటానికి కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు కొట్టించుకోవడం లాంటివాటికే. మామూలు ఆర్సీ మీదే ఉంచుకుంటే ఐదేళ్లకోసారి రెన్యువల్, 20 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజు 2025 ఆగస్టులో 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ బకాయి ఉందేమో కూడా చూసుకోండి. కొనడానికి వచ్చినవాడు "పేపర్లకు నాకే యాభైవేలు అవుతుంది" అని తగ్గించమన్నప్పుడు అసలు ఖర్చు ఎంతో మీకు తెలిసి ఉంటుంది.

రేటు విషయంలో ఆన్‌లైన్‌లో పెట్టిన రేట్లు చూసి టెన్షన్ పడొద్దు, ఆశ కూడా పడొద్దు. అవి అడుగుతున్న రేట్లు, అమ్ముడుపోయిన రేట్లు కావు. ఈ మధ్య అలాంటి బండి నిజంగా అమ్మినవాళ్లను అడగండి. ఒక మెకానిక్ చెప్పిన రేటు మీద ఆగొద్దు, ఎందుకంటే ఆ మెకానికే బ్రోకర్‌కు కబురు పెట్టినవాడు అయి ఉండొచ్చు. ఒంగోలులో ఒకర్ని, నెల్లూరులో ఒకర్ని అడగండి, వీలైతే చెన్నైలో ఒకర్ని. నెల్లూరు నుంచి చెన్నై రైల్లో రెండున్నర మూడు గంటలే, అక్కడ మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్ లాంటి వాళ్ల ప్రదర్శన జరిగినప్పుడు వెళ్లి, మీ బండి లాంటి బండి పక్కన నిలబడి దాని ఓనరుతో మాట్లాడితే చాలా తెలుస్తుంది, పైగా వాళ్లు ఈ బండ్ల గురించి మాట్లాడటానికి ఎప్పుడూ సిద్ధమే.

కారు చూపించాల్సి వస్తే పగటిపూట, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడు చూపించండి. నడిపి చూస్తామంటే ఇన్సూరెన్స్ కరెంటులో ఉంటేనే రోడ్డు మీదికి తీయండి, అతని లైసెన్స్ ఫొటో తీసుకుని, మీరు పక్కన కూర్చోండి. ఇన్సూరెన్స్ లేకపోతే కాంపౌండులోనే స్టార్ట్ చేసి చూపించి ఆపేయండి. "మా మెకానిక్‌కు చూపించుకొస్తా, గంటలో వస్తా" అంటే ఆ మెకానిక్‌నే ఇక్కడికి రమ్మనండి.

డబ్బు దగ్గర నియమం ఒక్కటే, మొత్తం మీ ఖాతాలో పడి, మీరు మీ బ్యాంకులో స్వయంగా చూసుకునేదాకా కారు గేటు దాటకూడదు. ఫోన్లో స్క్రీన్‌షాట్ చూపిస్తే అది డబ్బు కాదు. మెసేజ్ వచ్చినా అది బ్యాంకు నుంచి వచ్చిందని నమ్మకం లేదు, బ్యాలెన్స్ తెరిచి చూడండి. డబ్బు తీసుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని గాని, పిన్ కొట్టాల్సిన పని గాని ఎప్పుడూ ఉండదు, స్కాన్ చేయమన్నారంటే మీ డబ్బు పోతుంది. చెక్కు తీసుకుంటే క్లియర్ అయ్యేదాకా ఆగండి. డీడీ ఇస్తామంటే ఆ డీడీ తీసేటప్పుడు మీరూ బ్యాంకుకు వెళ్లండి, దొంగ డీడీలు కూడా ఉన్నాయి. రెండు లక్షలు దాటిన మొత్తానికి ఆర్‌టీజీఎస్ అన్నిటికంటే మంచిది. నగదు ఇస్తామంటారు చాలామంది, ఒకే బేరానికి 2 లక్షలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవాడికే, అంటే మీకే, అంత మొత్తం జరిమానా పడొచ్చు. ముక్కలు చేసి ఇచ్చినా బేరం ఒకటే కాబట్టి తప్పించుకోలేరు. ఎక్కడైనా మోసపోయామని అనుమానం వస్తే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఉంటుంది.

కాగితాల సంగతి. బండి కొనేవాడి పేరు మీదికి మారడానికి ఫారం 29, ఫారం 30 మీద సంతకం పెట్టాలి, కానీ ఖాళీగా ఉన్న ఫారాల మీద మాత్రం పెట్టొద్దు. కొనేవాడి పేరు, అడ్రసు, తేదీ అన్నీ నింపాకే పెట్టండి. బ్రోకర్లు "పేరు తర్వాత రాసుకుంటాం సార్" అంటారు, వాళ్లు దాన్ని చేతులు మార్చి అమ్ముకోవడానికి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా, యాక్సిడెంట్ జరిగిన రోజున ఆర్టీఏ రికార్డులో ఎవరి పేరుంటే నష్టపరిహారం విషయంలో ఓనరు వాళ్లే అని. అమ్మేశాం కదా అనుకుంటే సరిపోదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రం వాళ్లకు అమ్మితే 45 రోజుల్లో అమ్మినట్టు మీరే తెలియజేయాలి. చెన్నైకో బెంగళూరుకో పోయే బండికి ఫారం 28తో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని ఆర్టీఏ ఇచ్చే పత్రం, కూడా కావాలి.

డెలివరీ కాగితం ఒకటి రాసుకోండి, తెల్లకాగితమైనా పర్లేదు. ఏ తేదీ, ఎన్ని గంటలకు బండి అప్పగించారు, కిలోమీటర్లు ఎంత, ఎంతకు అమ్మారు, ఆ టైమ్ నుంచి చలాన్లు, యాక్సిడెంట్లు ఏమొచ్చినా కొన్నవాడిదే బాధ్యత అని రాసి, ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు పెట్టండి. కొన్నవాడు కారు పక్కన నిలబడి ఉండగా ఒక ఫొటో తీసుకోండి.

కారు ఇంకా చనిపోయిన నాన్న పేరు మీదో తాత పేరు మీదో ఉంటే అసలు అమ్మడానికే కుదరదు. ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి, డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. "ఆ పేరు మీదే ఉన్నా పర్లేదు, మేం చూసుకుంటాం" అనేవాడితో బేరం వద్దు, చనిపోయిన మనిషి సంతకం వాళ్లు ఎలా చూసుకుంటారో ఆలోచించండి. అక్కచెల్లెళ్లకు కూడా చెప్పండి. డబ్బు సంగతి తర్వాత, ఆ కారులో బడికి పోయింది, అత్తగారింటికి పోయింది వాళ్లు, అమ్మేశాక ఎవరి ద్వారానో తెలిస్తే ఆ బాధ చాలా కాలం ఉంటుంది. చాలాసార్లు వాళ్లలో ఒకరు "నేనుంచుకుంటా" అంటారు కూడా.

అమ్మడం ఇష్టం లేకపోతే లేదని ఒక్క మాటలో చెప్పేయండి. కారణాలు చెప్పడం మొదలుపెడితే ప్రతి కారణానికీ ఒక రేటు చెప్తారు. "లేదండీ, అమ్మేది కాదు. నంబరు ఇచ్చి పోండి, ఎప్పుడైనా అనుకుంటే నేనే చేస్తా" చాలు. మర్యాదగా మాట్లాడి, కారు గురించి తెలిసినట్టున్న మనిషి అయితే ఆ నంబరు నిజంగానే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, పక్కన పేరు, ఊరు, ఏ బండ్లున్నాయని చెప్పాడో రాయండి. ఏదైనా స్పేర్ పార్టు కావాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది వాళ్లే. మళ్లీ మళ్లీ వచ్చి విసిగించేవాళ్లు, బెదిరించినట్టు మాట్లాడేవాళ్లు ఉంటే స్టేషన్‌లో ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, గేటు వైపు ఒక కెమెరా పెట్టించండి, బండికి బ్యాటరీ కనెక్షన్ తీసి ఉంచండి.

అమ్మేసినవాళ్లు మాత్రం ఫాస్టాగ్ ఆ రోజే మూసేయండి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. నెల తర్వాత ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూసి, ఓనరు పేరు మారకపోతే కొన్నవాడికి ఫోన్ చేయండి. ఎత్తకపోతే డెలివరీ కాగితం, ఫారం 29 కాపీ పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేసిన కాపీ ఇంటికి తెచ్చుకోండి.